కమాను పలకని దసరా

చెల్లో తీగ మీద కమాను పెట్టి లాగితే ఏదో ఒక చప్పుడు వచ్చి తీరుతుంది. నా దగ్గర కొత్తగా చేరిన మొద్దు శిష్యులు లాగినా సరే, కనీసం తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టయినా వస్తుంది. అసలేమీ రాకపోవడం అనేది ఉండదు. ఇన్నేళ్ళు ఈ వాయిద్యాన్ని నమ్ముకుని బతికినదాన్ని, నేనే చెబుతున్నాను, ఉండదు. అయినా ఒకసారి జరిగింది. ఎక్కడో పరాయి దేశంలో కాదు, మా సూరత్‌లోనే, మావాళ్ళతో నిండిన హాల్లో, నా చివరి కచేరీలో. ఇప్పటికీ తలుచుకుంటే నా కుడి చెయ్యి చల్లబడుతుంది.

పిల్లలూ, మీరు నా దగ్గరికి పాఠానికి ఎప్పుడు వచ్చినా విదేశాల కచేరీల గురించే అడుగుతారు. అక్కడ చలి ఎంత, చప్పట్లు ఎంతసేపు కొట్టారు, ఏ మహానుభావుడి పక్కన కూర్చున్నాను, ఇవే. చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది. ఈసారి మా బాపు, అంటే మా నాన్న సంగతి చెబుతాను. బుద్ధిగా వినండి, మధ్యలో ఫోన్లు చూడకండి.

మా బాపు నేతపనివాడు. కరీంనగర్ వైపు చేతి మగ్గం వదిలేసి, నన్ను చంకనేసుకుని సూరత్ వచ్చి, లింబాయత్‌లో పవర్‌లూమ్ కార్ఖానాలో చేరాడు. పవర్‌లూమ్‌ని మేము సాంచ అంటాం. ఒక షెడ్డులో సాంచెలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే సాంచ మంచిగా నడుస్తోందని అర్థం. అరచెయ్యి అడ్డంగా పెడితే ఆగిపోయిందని. నేను అన్నం గిన్నె పట్టుకుని వెళితే బాపు కనుబొమ్మలు ఎగరేసి వేలు తిప్పేవాడు, బడి ఎలా నడుస్తోందని. నేనూ తిప్పేదాన్ని. లెక్కల్లో సున్నా వచ్చిన రోజు కూడా తిప్పేదాన్ని.

ఆ బడిలో ఒక పార్సీ టీచరమ్మ ఉండేది. ఆమె ఇంట్లో వయొలిన్‌కి పెద్దన్న లాంటి వాయిద్యం ఒకటి ఉండేది, కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కమాను అనే పొడుగు కట్టెతో వాయించేది. అదే చెల్లో. క్లాసులో అందరికంటే పొడుగు నేనే కాబట్టి నాకిచ్చి పట్టుకోమంది. కళ, తపస్సు అని మీరేవో రాసుకుంటారు గానీ, నా జీవితం ఇటు తిరగడానికి కారణం నా కాళ్ళ పొడుగు.

తరవాత నేను తొక్కని గడప లేదు. ముంబైలో సినిమా రికార్డింగులకు వాయించాను. సినిమాలో దొంగ పిల్లిలా నడిచే చోటల్లా కమాను పక్కన పెట్టించి, వేళ్ళతో తీగలు మీటించేవారు. సింఫనీ ఆర్కెస్ట్రాలో చేరితే అక్కడివాళ్ళు సినిమా మనిషి అని మూతి తిప్పారు. సినిమావాళ్ళేమో నేను గొప్పలు పోతున్నానని మూతి తిప్పారు. విదేశాలు తిరిగాను, పాఠాలు చెప్పాను, పేరు తెచ్చుకున్నాను. వరాఛాలో వజ్రాల వ్యాపారి ఇంటి పెళ్ళిలో గిరగిరా తిరిగే వేదిక మీద కూర్చోబెడితే, కళ్ళు తిరిగి వరుడి మేనమామ మీద పడబోయాను. ఇన్ని జరిగాయి గానీ, నేను చేసేది పని అని మా బాపు ఒక్కనాడూ అనలేదు.

దసరాకి మా ఇళ్ళలో పనిముట్లకు పూజ చేస్తారు. కత్తెర, పానాలు, కుంచె, బాపు ఊరి నుంచి తెచ్చుకున్న పాత నాడె, అదే పోగును అటూ ఇటూ తీసుకెళ్ళేది, అన్నీ కడిగి తుడిచి, నూనె పట్టించి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చేవాడు. చిన్నప్పుడు నేను నా చెల్లో మోసుకొచ్చి ఆ నాడె పక్కన పెట్టేదాన్ని. బాపు కోప్పడకుండానే దాన్ని తీసి గోడకు ఆనించేవాడు.

"గది పని సామాను గాదు బిడ్డా. పనంటే పొద్దుగూకేటాళ్ళకు బట్ట కండ్లకు కనవడాలె," అనేవాడు.

పెద్దయ్యాక, పేరు వచ్చాక కూడా పెట్టి చూశాను. అప్పుడూ గోడకే ఆనించాడు. ఆ తరవాత పౌరుషం వచ్చి మానేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మీకు తెలుసుగా, ఈ ఒక్క విషయంలో మాత్రం అది కోపం కాదు, బాధ. బయట ఎంతమంది శాలువాలు కప్పినా ఆ గోడకు ఆనించడమే గుర్తొచ్చేది.

బాపు ఎప్పుడూ నా కచేరీకి రాలేదు. వచ్చినా లాభం ఉండేది కాదు, సాంచెల మోత ఆయన చెవులు తినేసింది. మా వాడలో ఆ వయసు వాళ్ళందరిదీ అదే కథ. అయితే ఈమధ్య చెవుల డాక్టరు ఒక మాట చెప్పాడు. బాపుకి మనుషుల మాట, పక్షుల కూత పోయాయి గానీ, బాగా లోతైన మొద్దు శబ్దం, గట్టిగా, సాగదీసి వస్తే, ఇంకా కొంచెం తెలుస్తుందట. అదీ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు. చెల్లోలో అన్నిటికంటే లావు తీగ పలికేది సరిగ్గా అలాంటి శబ్దమే. అప్పటికే రిటైరవుదామని అనుకుంటున్నాను. చివరి కచేరీ సూరత్‌లో చేస్తాను, బాపుని ముందు వరసలో కూర్చోబెడతాను, మొదలు పెట్టడమే ఆ లావు తీగ మీద నిండు కమానుతో మొదలు పెడతాను అని నిశ్చయించుకున్నాను. ఒక్కసారి ఆయన చెవిన పడితే చాలు, పనో కాదో ఆయనే చెబుతాడు. నా ఆశ అంతే.

దసరా సాయంత్రానికి కుదిరింది. కార్ఖానాలకు ఆ రోజే సెలవు, మావాళ్ళు రాగలిగేది ఆ రోజే. ఆల్థాన్ వైపు ఒక కొత్త హాలు మాట్లాడారు. బాపు మా తమ్ముడి దగ్గరే ఉంటాడు, నేనూ అక్కడే దిగాను. పొద్దున్నే మరదలు సూరత్ పద్ధతి ప్రకారం ఫాఫడా, జిలేబీ ప్లేట్లో పెట్టి ఇచ్చింది. తిని, కుర్చీ ఎత్తూ వేదికా చూసుకోవడానికి నేను హాలుకి వెళ్ళాను. చెల్లో తమ్ముడి ఇంట్లోనే ఉంది. ఇంటి కింద వాడి చిన్న సాంచెల షెడ్డు, పూజ అక్కడే. సాయంత్రం అందరూ బయల్దేరేటప్పుడు పెట్టె తీసుకురమ్మని తమ్ముడికి చెప్పాను.

వాడు తెచ్చేసరికి నన్ను సన్మానాల్లో ఇరికించారు. దీపం, దండలు, శాలువాలు, వాటికి ఫోటోలు. తెలుగు సంఘం కార్యదర్శి బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి, మైకు దొరికితే వదలడు. నేను సూరత్ ముద్దుబిడ్డను ఎలా అయ్యానో నాకే తెలియని సంగతులన్నీ చెప్పాడు. కచేరీకి ముందు చెయ్యి కాచుకోనివాడు మూర్ఖుడు అని మిమ్మల్ని తిట్టే నేను, ఆ రోజు తీగల్ని వేళ్ళతో మీటి శ్రుతి సరిచేసుకుని, నేరుగా వేదిక మీద కూర్చున్నాను.

హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో బాపు, తెల్ల చొక్కా, చేతి కర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, అచ్చం నేను చెల్లో పట్టుకున్నట్టే కూర్చున్నాడు. ఆయన చుట్టూ ఆయనతో పని చేసిన ముసలివాళ్ళు. ముంబై నుంచి నాతో వచ్చిన పియానో అమ్మాయి నా వంక చూసి తల ఊపింది. నేను ఊపిరి పీల్చుకుని, లావు తీగ మీద కమాను ఆనించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాను.

ఏమీ రాలేదు.

కమాను వెన్న మీద జారినట్టు జారిపోయింది. మళ్ళీ లాగాను. గట్టిగా అదిమి లాగాను. గాలి ఊదినంత చప్పుడు కూడా లేదు. నా చెయ్యి కదులుతోంది, కమాను కదులుతోంది, చప్పుడు లేదు. మొదట నాకు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా, నా చెవులు పోయాయని. బాపు జబ్బు నాకూ వచ్చిందని. అదే క్షణంలో పియానో అమ్మాయి వేళ్ళు పడ్డాయి, పియానో గణగణా వినిపించింది. చెవులు ఉన్నాయి. పోయింది చెల్లో గొంతు.

అప్పుడు హాలు వంక చూశాను. ఇన్నేళ్ళలో చాలా రకాల శ్రోతల్ని చూశాను, నిద్రపోయేవాళ్ళని, లేచిపోయేవాళ్ళని. అలాంటి మొహాలు ఎన్నడూ చూడలేదు. అందరూ సాంచెల దగ్గర చెవులు అరగదీసుకున్నవాళ్ళు. నా కమాను ఆడుతోంది, తమకేమీ వినపడటం లేదు. తప్పు తమ చెవులదే అనుకున్నారు. ఒకాయన చెవి మిషన్ తీసి అరచేతిలో కొట్టి చూసుకుంటున్నాడు. ఇంకొకాయన చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంటున్నాడు. నడి వయసు ఆడమనిషి పక్కామె భుజం పట్టుకుని, "నీకు వినవడుతుందా అక్కా? నాకైతే గా పియానో డబ్బ చప్పుడే గని గామె చప్పుడు వినవడ్తలేదు," అంటోంది.

ఇది చాలదన్నట్టు కార్యదర్శి మైకు అందుకున్నాడు. "అమ్మగారు అత్యంత మృదువుగా వాయిస్తున్నారు. దయచేసి అందరూ నిశ్శబ్దం పాటించాలి," అన్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇక ఆ మొహాల్లో భయం చూడాలి.

ఏమీ వినపడటం లేదని కంగారు పడనివాడు ఆ హాల్లో బాపు ఒక్కడే. ఆయనకది అలవాటే. నా చేతుల వంక చూస్తూ కూర్చున్నాడు.

నేను కమాను దించి వెంట్రుకల మీద వేలితో రాశాను. జిడ్డు. ఇది మీకు తెలిసిందే అయినా, మీరు రాసింది చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. కమానుకి కట్టేది గుర్రపు వెంట్రుకలు. వాటికి రోజిన్ అనే చెట్టు బంక రుద్దుతాం. ఆ తెల్లటి పొడి ఉంటేనే వెంట్రుక తీగని పట్టి పలికిస్తుంది. ఆ పొడి మీద నూనె చుక్క పడితే ఆ కమాను చచ్చినట్టే. పెట్టెలో రెండో కమాను ఉంది కదా అని పియానో అమ్మాయి పరుగున తెచ్చింది. దాని మీద వేలు పెట్టాను. అదీ జిడ్డే. "క్యా హువా మేడమ్?" అని ఆ పిల్ల అడుగుతోంది. రోజిన్ ముద్ద తీసి రుద్దాను. నూనెలో కలిసి బూరె పాకంలా అయింది.

చెల్లోని కొంచెం వంచాను, ఏమైందో చూద్దామని. వెనక వైపు, కింది భాగంలో, గుండ్రంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. తమ్ముడి పని అనుకున్నాను. పూజ పేరుతో నా చెల్లో ముట్టుకున్నాడు వెధవ. ఇంత కాలం ఎదురు చూసిన ఒక్క శబ్దం, బాపు చెవికి మిగిలిన ఆ ఒక్క సందు, అంతా నూనె పాలు. వేదిక దిగి వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

కానీ ఎదురుగా ఆ చెవి మిషన్ కొట్టుకునే పెద్దాయన ఉన్నాడు. ముందు ఆయన భయం తీర్చాలి. మైకు లాక్కున్నాను.

"మీ చెవులకు ఏం గాలే. మంచిగున్నయ్. నా కమానుకే గొంతు పోయింది. జర ఆగుండ్రి," అన్నాను.

హాలు మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలింది. తరవాత నవ్వులు, చెవి మిషన్ పెద్దాయనవే అందరికంటే గట్టిగా.

కమాన్లు రెండూ పక్కన పారేసి వేళ్ళతో మీటడం మొదలుపెట్టాను. అనుకున్నదేదీ అలా వాయించేది కాదు. పియానో అమ్మాయికి కళ్ళతోనే ఆపమని చెప్పి, సింఫనీవాళ్ళు మూతి తిప్పిన ఆ సినిమా విద్యంతా బయటికి తీశాను. దొంగల నడకలు, గుర్రాల పరుగులు, మీటడం, అరచేత్తో చెక్క మీద దరువెయ్యడం. అవి అయిపోయాక, బతుకమ్మ ఆడేటప్పుడు మా ఆడవాళ్ళు వేసే చప్పట్ల వరస లావు తీగ మీద మీటితే, హాల్లో ఆడవాళ్ళంతా అందుకున్నారు. మెచ్చుకున్నారు, కాదనను. కానీ మీటిన శబ్దం ఎంతసేపు ఉంటుంది, పుట్టగానే పోతుంది. డాక్టరు చెప్పిన సాగే శబ్దం అది కాదు. నేను మీటిన ప్రతిసారీ బాపు మొహం చూశాను. ఆ మొహంలో ఏమీ కదల్లేదు. కుడి చేతి వేళ్ళు చిట్లాయి, నెత్తురు తీగలకు అంటింది. అయినా ఆపలేదు. ఆపితే ఏడుస్తానని తెలుసు.

తెర పడగానే వెనక గదికి వెళ్ళి తలుపు ధడాలున తీసి నిలబడ్డాను. తమ్ముడు, మరదలు అక్కడే ఉన్నారు.

"ఎవడు ముట్టిండ్రా నా కమాన్లు? చేతులు ఇరగ్గొడ్త," అన్నాను.

"అక్కా, జర ఆగు," అన్నాడు తమ్ముడు.

"నువ్వేనా? పూజ జేస్తివా? ఎవన్నడిగి జేస్తివి?"

"నేను గాదక్కా."

"వదినా, పొద్దుగాల నువ్వు హాలుకు పోయినంక..." అని మరదలు ఏదో చెప్పబోయి గుమ్మం వైపు చూసి ఆగిపోయింది.

బాపు వస్తున్నాడు, కర్ర ఆనించుకుంటూ, నెమ్మదిగా. మరదలు గబగబా జమ్మి ఆకులు నా చేతిలో పెట్టింది. దసరా నాడు పెద్దవాళ్ళ చేతిలో జమ్మి పెట్టి కాళ్ళు మొక్కాలి. ఎంత మండిపోతున్నా ఆనవాయితీ తప్పదు కదా. బాపు అరచేతిలో జమ్మి పెట్టి వంగాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

కొబ్బరి నూనె వాసన వేసింది. కమాను మీద ఉన్నది అదే వాసన.

నేను వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. తలెత్తడానికి భయం వేసింది.

"నీ కట్టెల పోగులు ఎండిపోయినయ్ బిడ్డా," అన్నాడు బాపు, చెవులు వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో. "మీదంత తెల్లగ దుమ్ము. ఇప్పుడో రేపో తెగుతయనిపిచ్చింది. బట్టతోటి తుడిచి, పోగు పోగుకు నూనె వెట్టిన, రెంటికి. మగ్గం మీద పడుగుకు గట్లనే వెడ్తుంటిమి. ఊకె రాస్తె ఆగదు, ఒక్కొక్క పోగు పట్టుకోవాలె."

పడుగు అంటే తెలుసుగా, మగ్గం మీద నిలువునా బిగించిన దారాలు. ఆ వయసులో, వణికే వేళ్ళతో, ఆ సన్నటి వెంట్రుకల్ని విడదీసి ఒక్కొక్కదానికి నూనె పెట్టాడు. పొద్దంతా పట్టి ఉంటుంది.

"నేను వద్దంటనే ఉన్న అక్కా," తమ్ముడు నా చెవిలో గొణిగాడు. "వినలే. పెట్టె తనే తెరిచిండు. తనే మోసి తీస్కపోయి నాడె పక్కకు వెట్టిండు."

నాడె పక్కన. నేను విన్నది సరైనదేనా అని మళ్ళీ అడిగాను. "అవునక్కా, నాడె పక్కకే. మీదికెల్లి నన్ను తిట్టిండు, ఇన్నేండ్ల సంది అక్క సామాను ఎందుకు వెడ్తలేరని."

పిల్లలూ, వేదిక మీద కమాను పలకనప్పుడు నాకు తగిలిన దెబ్బ దీని ముందు ఏపాటిది. ఇన్నేళ్ళూ గోడకు ఆనించింది తనేనని మరిచాడో, మనసే మార్చుకున్నాడో, నేను అడగలేదు.

బాపు నా కుడి చెయ్యి అందుకుని, చిట్లిన వేళ్ళు తిప్పి చూశాడు. "నాకేం వినవడలే," అన్నాడు. "గని చేతులు జూసిన. పోగు కోసింది గదా. పనోళ్ళకు అయితది గిట్ల." తరవాత కనుబొమ్మలు ఎగరేసి, వేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. మంచిగ నడిచిందా అని.

తమ్ముడు నోరు తెరిచాడు. "బాపూ, గా నూనె..." వాడి కాలు గట్టిగా తొక్కాను. తొక్కి, నెత్తురు కారే వేలు పైకెత్తి, గుండ్రంగా తిప్పాను. మంచిగ నడిచింది.

"ఇగ ప్రతి దసరాకు తెచ్చి నాడె పక్కకు వెట్టు," అన్నాడు బాపు. "యాది మర్వకు."

ఆ పెద్ద శబ్దం ఆయనకి వినిపించే అవకాశం మళ్ళీ రాలేదు. ముంబై వెళ్ళి కమాన్లకి కొత్త వెంట్రుకలు కట్టించుకొచ్చేలోపే ఆ మిగిలిన కొంచెమూ పోయిందని డాక్టరు చెప్పాడు. చెవికి దగ్గరగా కూర్చుని లావు తీగ లాగి చూశాను. బాపు నవ్వి, "నడుస్తుందా?" అని వేలు తిప్పాడు.

మళ్ళీ దసరా వస్తోంది. మీలో ఒకరు మొన్న సలహా ఇచ్చారు, పెద్దాయనకి ఏం తెలుస్తుంది మేడమ్, ఒక చవక కమాను కొని పూజలో పెట్టేయండి, మంచిది దాచుకోండి అని. మంచి మాటే. తెలివైన మాటే. కానీ నేను ఏనాడూ పని చేయని కట్టెని బాపు ముందు పెట్టి, పనిముట్టని చెప్పి దండం పెట్టించలేను. కొత్త వెంట్రుకలు కట్టించిన నా మంచి కమానే తీసుకెళుతున్నాను. నూనె పెడితే పెట్టనీ.